నిర్వాసితుల బస్తీలో ఫాలిజ్: ఎంతమందికి వస్తుంది, ఎందుకు వస్తుంది, మనం చేయగలిగినది ఏమిటి?

మనలాంటి సేవా సంస్థల దగ్గరకు వచ్చే వైద్య సహాయ దరఖాస్తుల్లో ఒక రకం దరఖాస్తు తరచూ కనిపిస్తుంది. ఇంటి పెద్దకు ఒక పక్క కాలు చేయి పడిపోయాయి, మాట రావడం లేదు, మంచం మీదే ఉన్నాడు, చక్రాల కుర్చీ ఇప్పించండి, మందులకు సాయం చేయండి అని అందులో ఉంటుంది. మన ఇళ్లలో దీన్ని ఫాలిజ్ అంటాం. తెలుగులో పక్షవాతం, ఆసుపత్రిలో స్ట్రోక్ అంటారు. దరఖాస్తు మన చేతికి వచ్చేసరికి జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. మనం ఇచ్చే కుర్చీ ఆ కుటుంబానికి కొంత ఊరటనిస్తుంది గాని పోయిన చేతిని తిరిగి ఇవ్వలేదు.

సొంత దేశం, సొంత ఇల్లు విడిచి వచ్చి గుడిసెల్లో బతుకుతున్నవారికి ఈ జబ్బు ఎంతవరకు వస్తుంది, వారికే ఎందుకు ఎక్కువ నష్టం చేస్తుంది, అది రాకముందే దాతలు ఏం చేయవచ్చు అన్నది ఈ వ్యాసంలో చెప్పే ప్రయత్నం చేస్తాను. ఉదాహరణగా మన కళ్ల ముందే ఉన్న రోహింగ్యా కుటుంబాలను తీసుకుంటున్నాను.

మన పొరుగున ఉన్న నిర్వాసితులు

రోహింగ్యాలు మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రానికి చెందిన ముస్లింలు. 1982లో అక్కడ వచ్చిన పౌరసత్వ చట్టం వారిలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా మిగిల్చింది. 2012లో అక్కడ జరిగిన హింసతో వేలమంది ఇల్లూవాకిలీ విడిచారు. 2017 ఆగస్టు 25 తర్వాత జరిగిన సైనిక చర్యలతో ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఇప్పుడు అక్కడి కాక్స్ బజార్ శిబిరాల్లో సుమారు పది లక్షలమంది ఉన్నారు. మన దేశంలో 40,000 మంది వరకు రోహింగ్యాలు ఉంటారని 2017లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. వారిలో కొన్ని వేలమంది హైదరాబాద్‌లో బాలాపూర్, షాహీన్ నగర్, కిషన్‌బాగ్ వంటి చోట్ల ఉంటున్నారు. రేకులు, టార్పాలిన్లు, వెదురుబద్దలతో కట్టుకున్న గుడిసెలే వారి ఇళ్లు. మగవారు కూలిపనికి, చెత్త ఏరడానికి, తుక్కు సామాను పనికి వెళ్తారు.

వీరిని చూసినప్పుడు మనకు ముందుగా గుర్తుకు వచ్చేవి బియ్యం, దుప్పట్లు, పిల్లల చదువు. అవన్నీ అవసరమే. కాని ఒక సంగతి గమనించాలి. 2012 ప్రాంతంలో ముప్పై ఐదేళ్ల వయసులో ఇక్కడికి చేరినవారు ఇప్పుడు యాభైకి దగ్గర పడ్డారు, కొందరు దాటారు కూడా. శిబిరం అంటే పసిపిల్లలు, జ్వరాలు, విరేచనాలు అనుకునే రోజులు గడిచిపోయాయి. రక్తపోటు, చక్కెర వ్యాధి, గుండెజబ్బు, పక్షవాతం అనే నాలుగూ ఆ గుడిసెల్లోకి అడుగుపెట్టే వయసు ఇది.

ఫాలిజ్ అంటే లోపల జరిగేది ఏమిటి?

మెదడుకు నిరంతరం రక్తం అందుతూ ఉండాలి. ఆ రక్తం తీసుకువెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లి రక్తం కారినా, ఆ భాగంలోని మెదడు కణాలు చనిపోవడం మొదలవుతుంది. మన దేశంలో వచ్చే పక్షవాతాల్లో ఎక్కువ భాగం మొదటి రకం, అంటే గడ్డ అడ్డుపడటం వల్ల వచ్చేవి. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు నశిస్తాయని వైద్యులు లెక్కగట్టారు. మెదడు ఎడమ భాగం దెబ్బతింటే కుడి కాలు, కుడి చేయి పడిపోతాయి, చాలామందికి మాట కూడా పోతుంది. కుడి భాగం దెబ్బతింటే ఎడమ పక్క పడిపోతుంది.

ఈ రెండు రకాలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఏది గడ్డ, ఏది రక్తస్రావం అన్నది తల సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. గడ్డకు ఇచ్చే మందు రక్తస్రావం ఉన్నవారికి ప్రాణాంతకం కావచ్చు. అందుకే స్కాన్ తీయకముందు ఇంట్లో ఆస్పిరిన్ మింగించడం మంచిది కాదు.

కొందరికి చేయి మొద్దుబారి, మాట తడబడి, కొద్ది నిమిషాల్లో లేదా ఒక గంటలో అంతా సర్దుకుంటుంది. ‘తగ్గిపోయింది కదా’ అని మర్నాడు పనికి వెళ్లిపోతారు. అది పెద్ద దెబ్బకు ముందు వచ్చే హెచ్చరిక. దాని తర్వాతి రెండు మూడు రోజులే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. రోజుకూలి మీద బతికేవారు ఈ హెచ్చరికను పట్టించుకోరు, పట్టించుకుంటే ఆ పూట కూలి పోతుంది.

ఎంతమందికి వస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవారు రెండు లెక్కలు చెబుతారు. ఏడాదిలో కొత్తగా ఎంతమందికి వచ్చింది అన్నది మొదటిది. ఇప్పటికే వచ్చి, బతికి ఉన్నవారు ఎంతమంది అన్నది రెండవది. ఈ రెండూ కలగలిస్తే గందరగోళం అవుతుంది.

ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు కోటీ ఇరవై లక్షలమందికి కొత్తగా పక్షవాతం వస్తోంది. 25 ఏళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకసారి వచ్చే అవకాశం ఉందని 2018లో వెలువడిన అంతర్జాతీయ అంచనా. మన దేశంలో ఏటా పన్నెండు లక్షలకు పైగా కొత్త కేసులు వస్తున్నాయని అంచనా. ఇంటింటికీ తిరిగి చేసిన భారతీయ అధ్యయనాలను కలిపి చూసినవారు, పక్షవాతంతో జీవిస్తున్నవారు పల్లెల్లో లక్షకు 84 నుంచి 262 వరకు, పట్టణాల్లో లక్షకు 334 నుంచి 424 వరకు ఉన్నారని తేల్చారు. కొత్తగా వచ్చేవి ఏడాదికి లక్షకు 119 నుంచి 145 వరకు.

వలసవచ్చిన పేదల బస్తీల్లో ఈ అంకెలు ఎలా మారతాయో చూపే ఒక అధ్యయనం కరాచీ నుంచి ఉంది. అక్కడి బిలాల్ కాలనీ రకరకాల ప్రాంతాల నుంచి వలసవచ్చినవారు కలిసి ఉంటున్న పేద బస్తీ. 2009లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో వయసు మళ్లుతున్న పెద్దలు 545 మందిని పరిశీలిస్తే, 119 మందికి అంతకుముందు పక్షవాతం గాని, తాత్కాలికంగా వచ్చి తగ్గిన దాడి గాని జరిగినట్లు తేలింది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా. ఈ అంకె చూసి బెదిరిపోనక్కరలేదు. అందులో పిల్లలను, యువకులను లెక్కించలేదు, తాత్కాలిక దాడులను కూడా కలిపారు. కాబట్టి లక్షకు ఇంతమంది అన్న మన దేశపు అంకెలతో దాన్ని నేరుగా పోల్చకూడదు. కాని అది చెప్పే విషయం ఒకటుంది. ఆసుపత్రి రికార్డుల్లో కనిపించే రోగులు కొందరే. గుమ్మం దాకా వెళ్లి అడిగితే ఎన్నడూ ఆసుపత్రి ముఖం చూడనివారు ఎంతోమంది బయటపడతారు.

మన పక్కనున్న బస్తీకి ఈ లెక్కను అన్వయిద్దాం. లెక్క సులువు కోసం 6,000 మంది ఉన్న ఒక నిర్వాసిత సమూహాన్ని ఊహించుకోండి. మన పట్టణాల సగటు ప్రకారం చూస్తే, వారిలో పక్షవాతంతో జీవిస్తున్నవారు 20 నుంచి 25 మంది. ఏడాదికి కొత్తగా పక్షవాతం వచ్చేవారు ఏడు నుంచి తొమ్మిది మంది. పిల్లలు ఎక్కువగా ఉండే సమూహం కాబట్టి ఈ సంఖ్య కొంత తగ్గవచ్చు. కింద చెప్పబోయే కారణాల వల్ల పెరగవచ్చు కూడా.

ఏడెనిమిది మందే కదా అనిపించవచ్చు. ఆ ఏడెనిమిది మంది వెనుక ఎవరున్నారో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు పైబడిన పురుషుల్లో 24 శాతం మందికి, స్త్రీలలో 21 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా ఉంది లేదా దానికి మందు వాడుతున్నారు. తెలంగాణలో ఇది ఇంకా ఎక్కువ. 6,000 మందిలో సగం మంది పెద్దలనుకుంటే, 600 నుంచి 700 మందికి రక్తపోటు ఉండి ఉండాలి. రేపటి పక్షవాత రోగులు ఎక్కువగా వారిలో నుంచే వస్తారు. మన సాయం వారి దగ్గర మొదలు కావాలి.

నిర్వాసితులకు ముప్పు ఎందుకు ఎక్కువ?

ముప్పై రెండు దేశాల్లో సుమారు 27,000 మందిని పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం, పక్షవాతం భారంలో 90 శాతం వరకు మనం మార్చుకోగల పది కారణాలతో ముడిపడి ఉందని చెప్పింది. అందులో రక్తపోటు ఒక్కటే దాదాపు సగానికి కారణం. మిగిలినవి చక్కెర, కొవ్వు, పొగాకు, ఆహారం, శ్రమ లేకపోవడం, బొజ్జ, మద్యం, గుండెజబ్బులు, మానసిక ఒత్తిడి. ఈ జాబితాను గుడిసెలో కూర్చుని చదివితే ఒక్కొక్కటీ ఎలా పెరుగుతుందో అర్థమవుతుంది.

మొదటిది, తెగిపోయిన వైద్యం. రక్తపోటుకు మాత్ర రోజూ వేసుకోవాలి, బహుశా జీవితాంతం. ఊరు మారినప్పుడు, పని మారినప్పుడు, పోలీసుల తనిఖీలంటే భయపడి బస్తీ ఖాళీ చేసినప్పుడు మాత్ర ఆగిపోతుంది. రక్తపోటుకు నొప్పి ఉండదు కాబట్టి మాత్ర మానినా వెంటనే ఏమీ తెలియదు. ‘బాగానే ఉన్నాను కదా’ అనుకుంటూనే ఆరు నెలలు గడిచిపోతాయి.

రెండవది, కార్డు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పథకం ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. శరణార్థికి ఆ కార్డు ఉండదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉన్నా, మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు కాబట్టి ఆ కార్డుతో సంక్షేమ పథకాల హక్కు రాదు. దాంతో గుర్తింపు పత్రం అడుగుతారేమోనన్న భయంతోనే చాలామంది ఆసుపత్రి గడప తొక్కరు.

మూడవది, తిండి. తాజా కూరలు, పండ్లు ఖరీదు. ఉప్పు వేసి ఎండబెట్టిన చేపలు చౌక, పైగా అవి వారికి పుట్టినూరి రుచి. అన్నంలోకి కాస్త ఎండుచేప, ఉప్పు, మిరపకాయ ఉంటే పూట గడుస్తుంది. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, మన దేశంలో మామూలు ఇళ్లలోనే దాదాపు దానికి రెట్టింపు తింటున్నారు.

నాలుగవది, తాంబూలం. రోహింగ్యాల్లో ఆడ, మగ ఇద్దరికీ వక్క, సున్నం, పొగాకు కలిపిన కిళ్లీ నమిలే అలవాటు ఎక్కువ. ఆకలిని, అలసటను, దిగులును అది కాసేపు మరిపిస్తుంది. పొగ తాగకపోతే నష్టం లేదని చాలామంది అనుకుంటారు. నమిలే పొగాకు కూడా పక్షవాతంతో మరణించే ముప్పును పెంచుతుంది. జర్దా, గుట్కా, ఖైనీ అలవాటున్న మన ఇళ్లకూ ఈ మాట వర్తిస్తుంది.

ఐదవది, ఇరుకు, పొగ. గాలి ఆడని గుడిసెలో కట్టెల పొయ్యి పొగ పీల్చడం రక్తనాళాలకు చెరుపు చేస్తుంది. ఇరుకు గదుల్లో పెరిగే పిల్లలకు గొంతునొప్పులు తరచుగా వస్తాయి. వాటిలో కొన్ని సరైన మందు పడక కీళ్లవాతజ్వరంగా మారి గుండె కవాటాలను పాడుచేస్తాయి. ఆ పిల్ల ఇరవై ఐదేళ్ల తల్లి అయ్యేసరికి గుండె లయ తప్పి, లోపల గడ్డ కట్టి, అది మెదడుకు చేరవచ్చు. పేద బస్తీల్లో చిన్న వయసు స్త్రీలకు పక్షవాతం రావడానికి ఇదొక కారణం. ఆయాసం, గుండెదడ అని చెప్పే యువతిని ‘బలహీనత’ అని పంపేయకూడదు.

ఆరవది, గుండెల్లోని బరువు. ఇల్లు తగలబడటం చూసినవారు, తోబుట్టువులను దారిలో పోగొట్టుకున్నవారు, రేపు ఎక్కడ ఉంటామో తెలియనివారు నిద్రకు దూరమవుతారు. దీర్ఘకాలిక ఒత్తిడి రక్తపోటును పెంచుతుంది, పొగాకును దగ్గర చేస్తుంది, మందు వేసుకునే ఓపికను తగ్గిస్తుంది.

ఇది రోహింగ్యాల కథ మాత్రమే కాదు. గల్ఫ్‌కు వెళ్లిన మన కరీంనగర్, నిజామాబాద్, కడప సోదరులను తలచుకోండి. ఎండలో పని, గదికి ఎనిమిది మంది, ఇంటి అప్పు దిగులు. ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలు అయిపోయాక మళ్లీ కొననివారు ఎందరో. ఇంగ్లండ్‌లో స్థిరపడిన దక్షిణాసియా వాసుల్లో పక్షవాత మరణాలు స్థానికులకన్నా ఎక్కువని దశాబ్దాలుగా నమోదవుతోంది. ఊరు విడిచిన మనిషి శరీరం ఆ ధరను ఏదో ఒక రూపంలో చెల్లిస్తూనే ఉంటుంది.

మొదటి గంటలు

గడ్డవల్ల వచ్చిన పక్షవాతానికి, గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. అది లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. పెద్ద నాళం మూసుకున్నవారికి తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే చికిత్స ఉంది. దాన్ని సాధారణంగా 6 గంటల లోపు, ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు చేస్తారు. స్కాన్‌కు, రక్తపరీక్షకు పట్టే సమయం కూడా ఇందులోనే లెక్క.

కాబట్టి ప్రతి ఇంట్లో నాలుగు విషయాలు తెలిసి ఉండాలి. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతోందా? రెండు చేతులూ పైకెత్తమంటే ఒకటి జారిపోతోందా? ఒక చిన్న మాట తిరిగి అనమంటే తడబడుతోందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా, నాలుగవది సమయం: గడియారం చూసి, ఎప్పుడు మొదలైందో గుర్తుపెట్టుకుని, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఉన్నట్టుండి చూపు పోవడం, తూలిపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి రావడం కూడా లక్షణాలే.

చేయకూడనివి కూడా తెలియాలి. మింగే శక్తి పోయి ఉండవచ్చు కనుక నోట్లో నీళ్లు, జమ్‌జమ్ అయినా సరే, పోయకూడదు. పావురం రక్తం పూయడం, నాటువైద్యుడి కోసం పొరుగూరు వెళ్లడం, రేపు చూద్దామనుకోవడం వల్ల చేతులారా ఆ 4.5 గంటలను పారేసుకుంటాం. దుఆ చేయండి, చేస్తూనే అంబులెన్సు ఎక్కించండి. మూతి మాత్రమే వంకరపోయే లఖ్వా వేరే జబ్బు కావచ్చు. ఏది ఏదన్నది వైద్యుడు తేల్చాలి, మనం కాదు.

కార్డు లేదని అత్యవసర రోగిని వెనక్కి పంపవచ్చా? పంపకూడదు. అత్యవసర వైద్యం అందించడం ప్రభుత్వ ఆసుపత్రుల బాధ్యత అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. జీవించే హక్కును చెప్పే రాజ్యాంగం 21వ అధికరణ పౌరులకే కాక ఈ నేలమీద ఉన్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తుందని అదే ఏడాది చక్మా శరణార్థుల కేసులో స్పష్టం చేసింది. ఈ మాట మన కార్యకర్తలకు తెలిసి ఉంటే ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి మర్యాదగా, ధైర్యంగా మాట్లాడగలరు.

మంచాన పడిన తర్వాత

ప్రాణం దక్కినవారికి మొదటి కొన్ని నెలలు కీలకం. కాళ్లు చేతులు కదిలించే వ్యాయామం, మాట నేర్పడం, రెండు గంటలకోసారి పక్క మార్చడం ఈ కాలంలోనే జరగాలి. గుడిసెలో మంచం ఉండదు, నేలే పరుపు. పక్క మార్చేవారు లేకపోతే పుండ్లు పడతాయి, అవే ప్రాణం తీస్తాయి. సంపాదించే మనిషి పడిపోతే భార్య అతన్ని చూసుకోవడానికి పని మానుతుంది, పెద్దపిల్ల చదువు మానుతుంది. ఒక్క నాళం మూసుకుపోతే ఆగేది ముగ్గురి జీవితాలు. పైగా పక్షవాతాల్లో సుమారు నాలుగో వంతు ఒకసారి వచ్చినవారికే మళ్లీ వచ్చేవి. అంటే చక్రాల కుర్చీతో పాటు మాత్రల సంచీ కూడా ఇవ్వకపోతే మన సాయం సగమే.

మనం చేయగలిగినది

పై రక్తపోటును పది పాయింట్లు తగ్గిస్తే పక్షవాతం ముప్పు దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని అనేక పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. అది చేసే మాత్రలు కొత్తవి కావు, ఖరీదైనవీ కావు. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వంటివి జన ఔషధి దుకాణాల్లో నెలకు కొన్ని పదుల రూపాయలకే దొరుకుతాయి. ఇదే సూత్రంతో 2017లో దేశంలో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ తొలి రాష్ట్రాల్లో ఒకటి. అందరికీ ఒకే సులువైన మందుల పద్ధతి, క్రమం తప్పని సరఫరా, నెలనెలా రోగిని గుర్తుపెట్టుకుని పిలవడం దాని బలం.

శరణార్థుల మధ్య ఇది సాధ్యమేనా అన్న సందేహానికి పాలస్తీనా జవాబు చెబుతుంది. వారి కోసం 1949లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి సంస్థ 1990ల నుంచే తన శిబిర ఆరోగ్యకేంద్రాల్లో రక్తపోటు, చక్కెర రోగులకు పుస్తకం తెరిచి, తేదీ ఇచ్చి, మందు ఇస్తూ వచ్చింది. అలా రెండు లక్షలకు పైగా రోగులను క్రమం తప్పకుండా చూసింది. గాజాలో ఇటీవలి యుద్ధం ఆ ఏర్పాటును ఎంతగా దెబ్బతీసిందో మనకు తెలుసు. కాని దశాబ్దాలపాటు అది నడిచిందన్నది నిజం.

మన స్థాయిలో దీని ఖర్చు లెక్కవేద్దాం. పైన చెప్పిన 6,000 మందిలో 650 మందికి మాత్రలు కావాలనుకుందాం. మనిషికి నెలకు 60 రూపాయలు అనుకుంటే ఏడాదికి 4,68,000 రూపాయలు. రక్తపోటు చూసే మంచి పరికరం ఒకటి రెండువేల రూపాయల చుట్టూ ఉంటుంది, పది కొంటే 20,000. వైద్యుడు నెలకు రెండు ఆదివారాలు వస్తే చాలు. మిగతా పని అదే బస్తీకి చెందిన, వారి భాష తెలిసిన ఇద్దరు ముగ్గురు యువతులు శిక్షణ పొంది చేయగలరు. వారికి గౌరవ వేతనం ఇస్తే ఆ డబ్బు కూడా ఆ ఇళ్లకే చేరుతుంది. ఇంటింటికీ తిరగడానికి స్త్రీలే ఎందుకంటే, పగటిపూట ఇంట్లో ఉండేది స్త్రీలే. పరాయి మగవాడికి వారు చేయి చాపి రక్తపోటు చూపించుకోరు.

ఇప్పుడు రెండో పక్క చూడండి. ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్క పక్షవాత రోగి ఐసీయూలో ఉంటే బిల్లు లక్షల్లోనే. ఇద్దరు ముగ్గురి బిల్లుకు మనం చందాలు పోగుచేసే సొమ్ముతో 650 మందికి ఏడాది పొడవునా మందు ఇవ్వవచ్చు. బిల్లు కట్టడం మానాలని నేను అనడం లేదు. రెండింటి మధ్య నిష్పత్తి మారాలంటున్నాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. మన విరాళాలు రమజాన్‌లో వెల్లువెత్తుతాయి, బక్రీద్ దాటితే తగ్గిపోతాయి. రక్తపోటు మాత్ర మాత్రం పన్నెండు నెలలూ కావాలి. ఒక నెల పెద్ద శిబిరం పెట్టి, వెయ్యిమందికి పరీక్ష చేసి, పదిహేను రోజుల మందు ఇచ్చి ఫోటో దిగితే రోగికి మేలు జరగదు. ‘నీకు జబ్బు ఉంది’ అని చెప్పి చేయి వదిలేసినట్టవుతుంది. ఏడాదికి ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చే దాత కన్నా, నెలకు 60 రూపాయల చొప్పున ఐదుగురి బాధ్యత తీసుకునే దాత ఈ పనికి ఎక్కువ అవసరం. రమజాన్‌లో వచ్చిన సొమ్మునే పన్నెండు భాగాలు చేసి ఖర్చుపెట్టే కట్టుబాటు సంస్థలకూ ఉండాలి.

జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చా అని కొందరు అడుగుతారు. సూరహ్ తౌబాలో జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలు చెప్పబడ్డాయి. వారిలో ఫుఖరా, మసాకీన్, దారిలో చిక్కుకున్న బాటసారి ఉన్నారు. నిర్వాసితులు ఏ వర్గంలోకి వస్తారు, మందుల రూపంలో ఇవ్వవచ్చా, కార్యకర్తల వేతనం ఏ పద్దు నుంచి చెల్లించాలి అన్నవి మన ఉలమాలను అడిగి, వారి సలహా రాతపూర్వకంగా తీసుకుంటే దాతలకు నిశ్చింత. సదఖా, లిల్లాహ్ సొమ్ముకు ఈ చిక్కులు తక్కువ.

మస్జిద్‌లు కూడా ఒక చేయి వేయగలవు. జుమా నమాజు తర్వాత వరండాలో ఒక బల్ల, ఒక పరికరం, ఒక రిజిస్టరు పెడితే నలభై దాటిన ప్రతి నమాజీ తన రక్తపోటు తెలుసుకుంటాడు. శరణార్థి పక్కన స్థానికుడు కూడా అదే వరుసలో నిలబడతాడు కనుక ఎవరూ చిన్నబుచ్చుకోరు. రమజాన్ రాకముందే రక్తపోటు, చక్కెర ఉన్నవారు మాత్రల వేళలను సహరీ, ఇఫ్తార్‌లకు ఎలా మార్చుకోవాలో వైద్యుణ్ణి అడగాలి. సొంతంగా మానేయకూడదు. ఈమధ్యే పక్షవాతం వచ్చినవారు ఉపవాసం గురించి వైద్యునితోను, ఆలిమ్‌తోను మాట్లాడాలి. రోగికి మినహాయింపు ఉందన్నది మనందరికీ తెలిసినదే.

చివరగా

పక్షవాతం విధిరాత అనుకుని ఊరుకునే అలవాటు మనలో ఉంది. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉన్న మాట నిజమే. కాని మాత్ర, పరికరం, 108 బండి కూడా ఆయన మన చేతికి అందించిన సాధనాలే. ఇల్లు, దేశం, పేరు అన్నీ పోగొట్టుకుని మన పొరుగుకు వచ్చిన మనిషికి మిగిలింది రెక్కల కష్టం ఒక్కటే. ఆ రెక్క పడిపోకముందే నెలకు 60 రూపాయలతో దాన్ని కాపాడే అవకాశం మనకు ఉంది.

ఈ సంచిక చేతిలోకి తీసుకున్న ప్రతి దాతకూ ఒక విన్నపం. ముందు మీ రక్తపోటు చూపించుకోండి. తర్వాత మీ ఇంట్లో పనిచేసే మనిషిది చూపించండి. ఆ పైన ఆ బస్తీలో ఐదుగురి పేర్లు మీ పద్దులో రాయించుకోండి. వచ్చే ఏడాది ఈ సంచిక వెలువడే నాటికి చక్రాల కుర్చీ కోసం వచ్చే దరఖాస్తులు తగ్గి, మాత్రల రిజిస్టరులో పేర్లు పెరగాలని దుఆ చేద్దాం. ఇన్షా అల్లాహ్.